మొవ్వు దక్కితే గడ్డ దక్కినట్టే: పెరటి గోబీని పురుగు నుంచి కాపాడుకునే తీరు

వరంగల్, హనుమకొండ చుట్టుపక్కల పెరట్లో గోబీగడ్డ (క్యాబేజీ), గోబీపువ్వు, నూల్‌కోల్ పెట్టినవాళ్ళలో చాలామంది ఒకటి రెండేళ్ళు చూసి వదిలేస్తారు. "మన ఎండలకు ఇవి రావు" అంటారు. అక్టోబరు నుంచి జనవరి దాకా ఇక్కడ గడ్డ చక్కగా కడుతుంది, ఎండను అనడానికేమీ లేదు. చేతులెత్తేసేలా చేసేది పురుగు. ఆకుకు చిల్లు కనబడగానే గుండె గుభేలుమంటుంది, ఏదో ఒకటి చల్లుతాం. నిజానికి చిల్లులతో పంట పోదు. నడిమధ్యన ఉండే మొవ్వును పురుగు తొలిస్తే పోతుంది. నాటిన మొదటి 25 రోజులు మొవ్వు క్షేమంగా ఉంటే, తర్వాత బయటి ఆకులు జల్లెడైనా గడ్డ చేతికొస్తుంది. కింద రాసిన పనులన్నీ ఈ ఒక్క లెక్క మీదే నడుస్తాయి. కొలతలన్నీ 3 అడుగుల వెడల్పు, 10 అడుగుల పొడవున్న ఒక మడికి, అందులో పట్టే 12 మొక్కలకు.

ముందు ఏ పురుగు వచ్చిందో గుర్తుపట్టాలి. అన్నిటికీ ఒకే మందు పనిచేయదు, ఒకే చోట వెతికితే దొరకవు కూడా.

ఎక్కువగా కనిపించేది డైమండ్ మచ్చల రెక్కపురుగు. మందుల దుకాణంలో డీబీఎం అంటే చాలు. రెక్కలు ముడుచుకుని కూర్చున్నప్పుడు వీపు మీద లేత రంగు డైమండ్ మచ్చలు వరసగా కనిపిస్తాయి. దీని పిల్లపురుగు సెంటీమీటరుకు అటూఇటూగానే పెరుగుతుంది. లేత పచ్చగా, రెండు కొసలా సన్నగా ఉంటుంది. వేలితో కదిపితే గిలగిలా కొట్టుకుని, సన్నటి దారం పట్టుకుని కిందికి వేలాడుతుంది. గుడ్డులోంచి వచ్చిన కొత్తలో రెండు మూడు రోజులు ఆకు పొరల లోపలే ఉండి తెల్లటి గీతల్లా తొలుస్తుంది. తర్వాత ఆకు అడుగుకు వచ్చి, పై పొరను మాత్రం వదిలి మిగతాదంతా గీకి తింటుంది. ఆకును వెలుతురుకు పట్టి చూస్తే పలచటి కాగితం అతికించిన కిటికీల్లా ఉంటాయి. గుడ్డు నుంచి రెక్కపురుగు దాకా మన వాతావరణంలో 15 నుంచి 20 రోజులు. అంటే ఒక్క పంటలోనే నాలుగు తరాలు గడిచిపోతాయి. మొదటి తరాన్ని చూసీ చూడనట్టు వదిలేస్తే మూడో తరానికి మన చేతిలో ఏమీ ఉండదు.

రెండోది పొగాకు లద్దెపురుగు. మన చుట్టూ పత్తి, మిరప చేన్లు ఉన్నంతకాలం దీని రాకను ఆపలేం. రెక్కపురుగు రాత్రిపూట ఎగిరొచ్చి ఆకు అడుగున ఒకేచోట రెండు మూడు వందల గుడ్లు కుప్పగా పెట్టి, మీద గోధుమ రంగు నూగు కప్పిపోతుంది. దూరం నుంచి చూస్తే ఆకు మీద చిన్న దూదిముక్క అంటుకున్నట్టు ఉంటుంది. ఆ ఒక్క ఆకు తుంచి సబ్బునీళ్ళలో వేస్తే వందల పురుగులు పోయినట్టే. ఈ పంటలో ఇంతకన్నా తక్కువ శ్రమతో ఎక్కువ ఫలితమిచ్చే పని ఇంకోటి లేదు. మూడు నాలుగు రోజుల్లో గుడ్లు పగిలి, పిల్లలు కొన్నాళ్ళు గుంపుగా అదే ఆకును గీకి తింటాయి. అప్పుడైనా చూసి ఆకు తీసేయొచ్చు. పెద్దవై చెల్లాచెదురయ్యాక పగలు మట్టిలో, ఎండుటాకుల కింద దాక్కుని రాత్రి మేస్తాయి. పొద్దున చూస్తే ఆకు సగం లేదు, పురుగు మాత్రం కనిపించదు.

మూడోది అసలు శత్రువు, మొవ్వు తొలిచే పురుగు. శాస్త్రంలో దీని పేరు హెల్లులా. చిన్నది, మట్టిరంగు తెలుపు మీద ఊదా గోధుమ గీతలు నిలువుగా ఉంటాయి. నాటిన కొత్తలో మొవ్వులోకి దూరి, సన్నటి సాలెగూడులాంటి దారాలతో లేతాకులను కలిపి కుట్టేసి లోపల తింటుంది. బయటి ఆకులన్నీ ఆరోగ్యంగా ఉంటాయి కాబట్టి మనకు అనుమానం రాదు. పది రోజుల తర్వాత చూస్తే మధ్యలో ఖాళీ, పక్కల నుంచి మూడు నాలుగు పిలకలు. అలాంటి గోబీపువ్వు మొక్కకు పువ్వు రాదు. గోబీగడ్డ మొక్కకైతే బలమైన పిలక ఒక్కటి ఉంచి మిగతావి గిల్లేస్తే చిన్న గడ్డ కట్టే అవకాశం ఉంది, కానీ మూడు నాలుగు వారాలు ఆలస్యంగా.

నాలుగోది ఆకుగూడు పురుగు. ఎర్రటి తల, పచ్చటి ఒంటి మీద నిలువు చారలు. గుంపుగా ఆకులను దారాలతో అల్లి గూడు కట్టి, దాన్నంతా రెట్టలతో నింపుతుంది. గూడు కనబడితే ఆ ఆకు మొత్తం తీసేయడమే, మందు లోపలికి పోదు.

ముల్లంగి, ఆవాల మీద నల్లటి పురుగు ఒకటి వస్తుంది. ముట్టుకుంటే చుట్టుకుని చచ్చినట్టు కింద పడిపోతుంది. ఇది రంపపు ఈగ పిల్ల, రెక్కపురుగు జాతి కాదు. కందిరీగల వర్గానిది కాబట్టి బీటీ పొడి (రెక్కపురుగుల పిల్లలను చంపే సూక్ష్మజీవి మందు) దీని మీద ఎంత చల్లినా దండగే. చేత్తో ఏరడం, వేపగింజల కషాయం, ఈ రెండే.

తెల్లటి సీతాకోకచిలుక గురించి కూడా చెప్పాలి. ఇంటర్నెట్‌లో గోబీ పురుగు అంటే సగం సలహాలు దాని గురించే ఉంటాయి. అది చల్లటి ప్రాంతాల పురుగు, మన మైదానాల్లో గోబీని తినేది అది కాదు. బతుకమ్మ రోజుల్లో పెరట్లో తిరిగే తెలుపు, పసుపు సీతాకోకచిలుకలు ఎక్కువగా తంగేడు జాతి మొక్కల మీద గుడ్లు పెట్టేవి. వాటిని తరమాల్సిన పని లేదు. దానికోసం చెప్పిన వెడల్పాటి కన్నుల జాలి, కోడిగుడ్డు పెంకులు వేలాడదీయడం లాంటివి మన రాత్రి పురుగులను ఆపలేవు.

ఇక కాలం సంగతి. నారు సెప్టెంబరు మొదటి వారంలో పోసి, హస్త, చిత్త కార్తెల మధ్య నాటితే సంక్రాంతికల్లా గడ్డలు కోతకు వస్తాయి. పురుగును తప్పించుకోవడంలో సగం పని ఈ తేదీలోనే ఉంది. డిసెంబరులో నాటినవి ఫిబ్రవరి, మార్చి పొడి వాతావరణంలో చిక్కుతాయి. అప్పుడు డైమండ్ పురుగు తరాలు ఇంకా వేగంగా మారతాయి, కొట్టుకుపోవడానికి వానా ఉండదు.

నాటడానికి 15 రోజుల ముందే మడిని జానెడు లోతు తవ్వి ఎండకు వదలాలి. లద్దెపురుగు మట్టిలోనే కోశస్థ దశకు, అంటే రెక్కపురుగుగా మారేముందు మేత లేకుండా పడి ఉండే దశకు పోతుంది. తవ్వినప్పుడు గోధుమ ఎరుపు రంగులో, వేలి కొసంత కోశాలు బయటపడతాయి. మైనాలు, కొంగలు వచ్చి ఏరుకుంటాయి. ఈ పని చేయకుండా మీద జాలి వేస్తే, పురుగును మనమే లోపల పెట్టి తలుపు వేసినట్టు.

నారు దగ్గరే చాలామంది ఓడిపోతారు. నర్సరీలో కొన్న ట్రే నారు ఆకు అడుగున డైమండ్ పురుగు గుడ్లు ఉంటాయి. ఆవగింజలో సగం కూడా ఉండవు, లేత పసుపు, ఈనెల పక్కన ఒకటీ రెండుగా. మామూలు చూపుకు ఆనవు. అందుకే కొన్న నారును అదే రోజు నాటొద్దు. అయిదు రోజులు వేరుగా, జాలి కింద, నీడ తగిలే చోట ఉంచాలి. గుడ్లుంటే మూడు నాలుగు రోజుల్లో పగులుతాయి, ఆకు మీద తెల్ల గీతలు కనిపిస్తాయి. గీతలున్న ఆకు గిల్లేసి, అయిదో రోజు సాయంత్రం బీటీ ద్రావణం ఆకుల అడుగున తడిసేలా కొట్టి, మర్నాడు సాయంత్రం నాటాలి. ఇంట్లో నారు పోసుకుంటే ఇంత తంటా లేదు. విత్తిన రోజు నుంచే ట్రే మీద జాలి ఉండాలి, అంతే. మొలకొచ్చాక కప్పుదాంలే అనుకుంటే అప్పటికే గుడ్డు పడి ఉంటుంది. 25 రోజులకు నాలుగైదు ఆకులు వస్తాయి, అదే నాటే అదను.

జాలి విషయంలో పైసలు దండగ చేసుకునేవాళ్ళు ఎక్కువ. పచ్చటి షేడ్ నెట్ ఎండను ఆపుతుంది, పురుగును కాదు. దోమతెర కన్నుల్లోంచి లద్దెపురుగు రెక్కపురుగు దూరలేదు గానీ, డైమండ్ పురుగు రెక్కలు ముడుచుకుంటే సన్నగా ఉంటుంది, చొరబడే ప్రమాదం ఉంది. 40 మెష్ తెల్ల ఇన్‌సెక్ట్ నెట్ అడిగి తీసుకోవాలి. అంగుళానికి 40 దారాలు అన్నమాట. మడికి 8 అడుగుల వెడల్పు, 17 అడుగుల పొడవు ముక్క సరిపోతుంది. కింద ఆర్చీలకు 20 మిల్లీమీటర్ల కరెంటు పైపును 6 అడుగుల ముక్కలుగా కోసి, అయిదు ఆర్చీలు రెండున్నర అడుగుల దూరంలో నిలపాలి. ఒక్కో ఆర్చీకి రెండు చొప్పున, అడుగున్నర పొడవున్న 8 మిల్లీమీటర్ల ఇనుప కడ్డీలు అడుగు లోతు దిగేసి వాటికి పైపు తొడగాలి. చెల్క నేల ఎండితే కడ్డీ దిగదు, ముందురోజు తడపండి. మధ్యలో ఎత్తు రెండుంబావు అడుగుల దాకా వస్తుంది, పువ్వుగోబీ ఆకులకు కూడా అంత కావాలి. పైపు వద్దనుకుంటే మేదరుల దగ్గర వెదురు బద్దలు తెచ్చుకోవచ్చు. కాకపోతే అంచులు నున్నగా చెక్కాలి, లేకపోతే మొదటి గాలికే జాలి చిరుగుతుంది.

అంచులు మూసే తీరులో తప్పు జరుగుతుంది. నాలుగు ఇటుకలు పెట్టి వదిలేస్తే మధ్య సందుల్లోంచి పురుగు నింపాదిగా వస్తుంది. ఒక పొడవు వైపు, రెండు కొసలూ నాలుగు అంగుళాల లోతు మట్టిలో పూడ్చాలి. రెండో పొడవు వైపు జాలి అంచును 11 అడుగుల కర్రకు చుట్టి నేల మీద పరచాలి. తెరవాలంటే కర్ర పైకి చుట్టడం, మూయాలంటే వదలడం. రోజూ చూసుకునేంత సులువుగా తెరుచుకోకపోతే మనం చూడటం మానేస్తాం. ఇంకో మాట, ఆకు జాలికి తగలకూడదు. తగిలిన చోట రెక్కపురుగు బయట కూర్చునే గుడ్డు పెడుతుంది.

జాలితో ఒక ఇబ్బంది ఉంది. లోపల గాలి తక్కువ, తేమ ఎక్కువ. పై నుంచి నీళ్ళు పోస్తే ఆకు అంచుల నుంచి వి ఆకారంలో పసుపు మచ్చ మొదలై ఈనెలు నల్లబడతాయి. అది నల్లకుళ్ళు, పురుగుకన్నా మొండిది. నీళ్ళు మొక్క మొదలు దగ్గరే పోయాలి. ఇంకోటి పేనుబంక. నారుతో ఒక్కటి లోపలికి వచ్చినా, దాన్ని తినే అక్షింతల పురుగులు రాలేవు కాబట్టి వారంలో ఆకంతా బూడిద పూసినట్టు చేస్తుంది. కనబడగానే వేలితో నలిపేసి, లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె కొట్టాలి.

నాటిన రోజు నుంచి 25 రోజులు రెండు రోజులకోసారి మొవ్వు చూడటం తప్పదు. జాలి ఉన్నా సరే. 12 మొక్కలకు పది నిమిషాలు పడుతుంది. పొద్దున్నే ఎండ పైకి రాకముందు చూడాలి. ముందు మొవ్వు, తర్వాత కింది రెండాకుల అడుగు. మొవ్వులో సన్నటి దారం, తడి రెట్ట కనిపిస్తే ఆగొద్దు. పళ్ళపుల్లతో దారాలు విడదీసి పురుగును తీసేయాలి. మొదటి నాలుగైదు రోజుల్లో తీస్తే మొవ్వు కోలుకుంటుంది. ఆకుల మొదట్లో పడే రెట్ట కూడా చాలా చెబుతుంది. తడిగా పచ్చగా ఉంటే పురుగు అక్కడే ఉంది, పైన వెతకండి. నల్లగా ఎండిపోయి ఉంటే వెళ్ళిపోయింది, లేదా కోశంలోకి పోయింది. ఆకు తగ్గుతోంది కానీ పగలు పురుగు దొరకడం లేదంటే రాత్రి ఎనిమిది తొమ్మిది మధ్య టార్చి పట్టుకుని వెళ్ళండి, లద్దెపురుగు ఆకు మీదే ఉంటుంది.

చల్లేవాటిలో మొదటిది వేపగింజల కషాయం. మన దగ్గర వేపపండ్లు ఎండాకాలం చివర, తొలకరి నాటికి రాలతాయి. ఏరి, గుజ్జు కడిగి, నీడలో ఆరబెట్టి, గోనెసంచిలో గాలి తగిలే చోట ఉంచుకుంటే చలికాలానికి సిద్ధం. ప్లాస్టిక్ కవర్లో పెడితే బూజు పడుతుంది. బూజు పట్టిన గింజ, ఏడాది దాటిన గింజ వాడొద్దు, చేదు తగ్గితే పని కూడా తగ్గుతుంది. లీటరు నీళ్ళకు పై పెంకు తీసిన పప్పు 50 గ్రాములు. పెంకుతో ఉన్న గింజలైతే సుమారు 100 గ్రాములు తీసుకుంటే అంత పప్పు వస్తుంది. రోట్లో కచ్చాపచ్చాగా దంచాలి. మిక్సీలో మెత్తగా చేస్తే నూనె ముద్దగట్టి గుడ్డలోంచి దిగదు. పలచటి బట్టలో మూటకట్టి పావు లీటరు నీళ్ళలో రాత్రంతా నానేసి, పొద్దున ఆ నీళ్ళలోనే మూటను పాలు కారినట్టు పదే పదే పిండాలి. మళ్ళీ వడగట్టి లీటరు చేయాలి. వడగట్టకపోతే స్ప్రేయర్ ముక్కు రెండో నిమిషానికే మూసుకుపోతుంది. అదే రోజు సాయంత్రం వాడేయాలి, మర్నాటికి దాచితే బలం పోతుంది. నారు నాటిన వారానికి మొదలుపెట్టి, వారం పది రోజులకోసారి.

గోబీ జాతి ఆకు మీద మైనపు పూత ఉంటుంది. ఏది చల్లినా ముత్యాల్లా జారిపోతుంది. అందుకే లీటరుకు ఒక మిల్లీలీటరు గిన్నెలు తోమే ద్రవ సబ్బు, లేదా చిక్కటి కుంకుడు రసం రెండు చెంచాలు కలపాలి. సరిపోయిందో లేదో తెలియడానికి ఒక ఆకు మీద కొట్టి చూడండి. చుక్కలు గుండ్రంగా నిలబడితే ఇంకా చాలలేదు. పలచటి పొరలా పరుచుకుంటే సరి. ఎక్కువ సబ్బు వేస్తే మైనం కరిగి, ఎండకు ఆకు మాడుతుంది. కాబట్టి కొద్దికొద్దిగా పెంచండి. ఇక్కడ నీళ్ళ సంగతి ముఖ్యం. గట్టి బోరునీళ్ళలో సబ్బు విరిగి తెట్టె కడుతుంది, వేపనూనె పైకి తేలుతుంది. చల్లడానికి మాత్రం వాన నీళ్ళు గానీ నల్లా నీళ్ళు గానీ పట్టుకోండి.

వేపతో పురుగు వెంటనే చావదు. తినడం మానేస్తుంది, కుబుసం విడవలేక కొన్ని రోజులకు పోతుంది. తెల్లారి పురుగు బతికే ఉందని మోతాదు రెట్టింపు చేసేవాళ్ళు ఆకులు మాడ్చుకుంటారు.

రెండోది బీటీ, అంటే బాసిల్లస్ తురింజెన్సిస్. బీటీ పత్తి విత్తనంలో ఉన్న జన్యువు ఈ సూక్ష్మజీవిదే. ఇక్కడ మనం సూక్ష్మజీవి పొడినే చల్లుతున్నాం. లీటరుకు ఒక గ్రాము, డబ్బా మీద వేరే కొలత ఉంటే దాని ప్రకారం. ఇది పురుగు కడుపులోకి పోతేనే పనిచేస్తుంది, ఒంటి మీద పడితే ఏమీ కాదు. కొన్ని గంటల్లో మేత ఆపి, రెండు మూడు రోజులకు నల్లబడి వేలాడుతుంది. చిన్న పురుగుల మీదే బాగా పనిచేస్తుంది. సెంటీమీటరున్నర దాటిన లద్దెపురుగును చేత్తో ఏరడమే మేలు. ఎండ దీన్ని రెండు మూడు రోజుల్లో పాడుచేస్తుంది కాబట్టి పొద్దుగూకే వేళ, ఆకు అడుగున కొట్టాలి. ఆకు పొరల మధ్య తొలుస్తున్న పసి పురుగు దీనికి అందదు, అయిదారు రోజులకు రెండోసారి కొట్టాలనేది అందుకే. కలిపిన ద్రావణం దాచకూడదు. నారు దశలో 12 మొక్కలకు అర లీటరు చాలు, పెద్దయ్యాక లీటరున్నర నుంచి రెండు లీటర్లు పడుతుంది. అర గ్రాము తూయడానికి బంగారం తూచే చిన్న డిజిటల్ కాటా ఉపయోగపడుతుంది. కొనేటప్పుడు తయారీ తేదీ, గడువు తేదీ చూడండి. దుకాణంలో ఎండ తగిలే అరలో ఉన్న డబ్బా వద్దు. చుట్టుపక్కల పట్టుపురుగులు పెంచేవాళ్ళుంటే బీటీ జోలికి పోవద్దు, అవి కూడా ఇదే జాతి, చచ్చిపోతాయి.

ప్రతి వారం బీటీయే కొట్టడం తప్పు. డైమండ్ పురుగు మందులకు అలవాటు పడటంలో ఆరితేరింది. 1953లోనే ఇండోనేషియాలోని జావాలో డీడీటీని తట్టుకుంది. 1990లో హవాయి పొలాల్లో బీటీని తట్టుకున్నట్టు తేలింది. ఒకసారి వేప, ఒకసారి బీటీ, మధ్యలో చేత్తో ఏరడం, ఈ వరస మేలు.

పత్తి రైతుల ఇళ్ళలో సగం వాడిన సీసాలు అటక మీద ఉంటాయి. "ఒక్క మూత వేస్తే పోతాయి" అని అవి గోబీ మీద కొట్టడం కళ్ళారా చూసే సంగతే. దయచేసి ఆ పని చేయకండి. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద వాడటం మన దేశంలో నిషేధం. గోబీగడ్డ ఆకు మీద ఆకు మూసుకుంటూ కడుతుంది, మధ్యలో చిక్కిన మందు కడిగినా పోదు. దానికి తోడు పురుగును తినే కందిరీగలు ముందు చస్తాయి, డైమండ్ పురుగు బతుకుతుంది. పదిహేను రోజుల్లో మునుపటికన్నా ఎక్కువ పురుగు కనిపిస్తుంది.

ఆ కందిరీగలను గుర్తుపట్టడం నేర్చుకోవాలి. ఆకు అడుగున బియ్యపు గింజకన్నా చిన్నగా, లోపలిది కనబడకుండా గట్టిగా నేసిన తెల్లటి గూడు ఉంటే అది కొటీషియా అనే చిన్న కందిరీగది. డైమండ్ పురుగు ఒంట్లో పెరిగి, దాన్ని చంపి బయటికొచ్చి కట్టుకున్న గూడు. దాన్ని నలపొద్దు. వలలా పలచగా ఉండి లోపల పచ్చటి కోశం కనిపిస్తే అది డైమండ్ పురుగుదే, దాన్ని నలిపేయండి. రెంటినీ ఒకటే అనుకుని గీకేస్తే మన సాయానికి వచ్చినవాళ్ళను మనమే తరిమినట్టవుతుంది.

జాలి వేయలేనివాళ్ళకు ఎర పంట దారి ఉంది. పొలాల్లో 25 వరసల గోబీకి 2 వరసల ఆవాలు అనే లెక్క చెబుతారు. మొదటి ఆవాల వరస గోబీ నాటడానికి 15 రోజుల ముందు, రెండోది నాటిన 25 రోజులకు. డైమండ్ పురుగు, పేనుబంక, ఆకుగూడు పురుగు ముందు ఆవాల మీద వాలతాయి. పెరట్లో మడికి రెండు వైపులా ఒక్కో వరస వేస్తే చాలు. కానీ ఆవాలు విత్తి ఊరుకుంటే ఆవాలే పురుగుకు పుట్టిల్లవుతాయి. వారానికోసారి వాటి మీద వేపగింజల కషాయం కొట్టాలి, పురుగు ముసిరిన మొక్కలు పీకి సంచిలో మూటకట్టి ఎండలో పడేయాలి. ఆ ఓపిక లేకపోతే ఆవాలు వేయకపోవడమే మంచిది. లద్దెపురుగుకు మాత్రం మడి మూలల్లో రెండు ఆముదం మొక్కలు గొప్పగా పనిచేస్తాయి. వెడల్పాటి ఆకు మీద గుడ్ల కుప్ప దూరం నుంచే కనిపిస్తుంది, తుంచేస్తే సరి. బంతి గురించి ఒక మాట. టమాటాలో శనగపచ్చ పురుగుకు ఎరగా బంతి వేస్తారు. బతుకమ్మకు ఎలాగూ వేస్తాం కాబట్టి ఇక్కడ అందరి పెరట్లోనూ ఉంటుంది. గోబీ పురుగులను అది ఆపదు. పూలకోసం వేసుకోండి, కాపలా అనుకోకండి.

లింగాకర్షక బుట్ట, అంటే ఆడపురుగు వాసనతో మగ రెక్కపురుగులను లాగే బుట్ట, పెరటికి దండగ. రెక్కపురుగులు వచ్చాయా లేదా అని తెలుస్తుంది, అంతే. బుట్టలో పడేవి మగవి, గుడ్లు పెట్టేవి కావు. బూడిద చల్లితే పొడి ఆకు మీద ఒకటి రెండు రోజులు పురుగు మేయడానికి వెనకాడుతుంది. మంచుకు తడిస్తే పని అయిపోతుంది, గడ్డ కట్టేటప్పుడు చల్లితే ఆకుల మధ్య చిక్కి తినేటప్పుడు పంటికి తగులుతుంది. మిర్చి, ఎల్లిగడ్డ ద్రావణం కూడా ఆ రెండు రోజుల వ్యవహారమే.

నెలన్నర దాటాక లోపలి ఆకులు దొప్పల్లా వంగి గడ్డ మొదలవుతుంది. ఇక్కడ నా ఆందోళన సగం తగ్గుతుంది. బయటి ఆకులకు చిల్లులుంటే ఉండనివ్వండి. గడ్డను చుట్టుకున్న నాలుగైదు ఆకులు మాత్రం చూసుకోవాలి. గడ్డ గట్టిపడటం మొదలయ్యాక వేప ఆపేయాలి, లోపల చేదు చిక్కుతుంది. ఆ తర్వాత అవసరమైతే బీటీ, లేదంటే చెయ్యి. గోబీపువ్వుకు ఇంకొంచెం జాగ్రత్త కావాలి. పువ్వు కోడిగుడ్డంత అయినప్పుడు తెల్లగా ఉండటానికి ఆకులు పైకి లాగి కడతాం కదా, కట్టే ముందు ఆకుల మొదళ్ళు, పువ్వు చుట్టూ వేలుపెట్టి చూడాలి. చూడకుండా కడితే లద్దెపురుగుకు చీకటి గది, మేత రెండూ మనమే ఇచ్చినట్టు. కట్టాక కూడా మూడు రోజులకోసారి విప్పి చూడాలి. నూల్‌కోల్‌కు ఇంత అక్కర్లేదు, 50 రోజుల్లో గడ్డ తయారవుతుంది, ఆకులు పోయినా తినేది గడ్డే.

కోసిన గోబీపువ్వును రెమ్మలు విడదీసి, గోరువెచ్చటి ఉప్పునీళ్ళలో పావుగంట తలకిందులుగా ఉంచితే లోపల మిగిలిన చిన్న పురుగులు బయటపడతాయి. గోబీగడ్డకు పై రెండు మూడు ఆకులు తీసేస్తే చాలు.

గడ్డ కోశాక మోడును అలాగే వదిలేయడం ఇక్కడి అలవాటు. వారం పది రోజుల్లో మోడు చుట్టూ లేత పిలకలొస్తాయి, ఎండాకాలం దాకా డైమండ్ పురుగు వాటి మీదే బతుకుతుంది. కోసిన రోజే వేరుతో సహా పీకి, ముక్కలు చేసి కంపోస్టు గుంత అడుగున వేసి పైన జానెడు మట్టి కప్పాలి. ఆవాలు, ముల్లంగి మిగిలితే అవి కూడా. ఆ మడిలో తర్వాతి పంట బెండ గానీ గోరుచిక్కుడు గానీ వేసి, వచ్చే చలికాలం గోబీని ఇంకో మడికి మార్చాలి. ఇక జాలిని సబ్బునీళ్ళలో ఉతికి, అతుకుల దగ్గర అంటుకున్న కోశాలు దులిపి, నీడలో మడిచి పెట్టుకోవాలి. ఎండలో ఆరుబయట వదిలేస్తే రెండో ఏటికే దారం పెళుసుబారి చిరుగుతుంది.